సున్నా రోజు, సున్నా నెల

ప్రొద్దుటూరు,
12 జూన్ 2023

షబీనా అక్కకు,

కౌముదిని. ఉత్తరం చూసి భయపడొద్దు, ఎవరికీ ఏమీ కాలేదు. నీ పాత నంబరు పలకడం లేదు, మెయిలు పంపితే తిరిగొస్తోంది. మా అమ్మ నీ పెళ్లి కార్డును అలమారలో దాచింది కాబట్టి జమ్మలమడుగు అడ్రసు దొరికింది.

నువ్వు ఆఫీసు వదిలి ఏడాదిన్నర అయింది. మన మేడ మీది ఆఫీసు అట్లే ఉంది. కింద బంగారు అంగళ్ల సందడీ అట్లే ఉంది. నీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నువ్వు రాసిన కంటి ట్రస్టు ప్రోగ్రాం కూడా గణపతి సారు నాకే అప్పజెప్పినారు. కంటి శిబిరాలకు వచ్చినవాళ్ల పేరు, ఊరు, పుట్టిన తేదీ ఎక్కించుకునేది, అదే.

అందులో తేదీలు సరిచూసే నీ క్లాసు కోడు తెరిచి చూసినా అక్కా. రెండు వందల పన్నెండు లైన్లు! ఇచ్చిన తేదీ నిజంగా ఉందా లేదా అని చూడటానికి! నెలకు ముప్పై రోజులా ముప్పై ఒకటా అని ఒక ఇఫ్, దాని కడుపులో ఇంకో ఇఫ్, ఫిబ్రవరికి వేరే, లీపు సంవత్సరానికి వేరే, వందతో భాగిస్తే వేరే, నాలుగు వందలతో భాగిస్తే మళ్లీ వేరే. ఎర్రగడ్డ పొట్టు ఒలిచినట్లు ఒలుస్తూ పోతే కళ్లల్లో నీళ్లొచ్చినాయి. మన ఆఫీసులో అప్పుడున్న పాత జావాతో అంతకంటే దారి లేదని నాకు తెలుసులే. ఇప్పుడు జావాలోనే తేదీకి సొంత క్లాసు ఉంది కదా. రోజు, నెల, సంవత్సరం దాని చేతికిస్తే అట్లాంటి రోజు క్యాలెండర్లో ఉందో లేదో అదే చెప్తుంది. నీదంతా తీసేసి దాన్ని పెట్టినాను. రెండు వందల పన్నెండు లైన్లు పదకొండు అయినాయి. నూరు తేదీలిచ్చి పరీక్ష చేసినా, ఒక్కటీ తప్పలేదు. సారు శానా సంతోషపడినారు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మధ్యలో ఒకచోట, రోజు సున్నా, నెల సున్నా అయినా ఒప్పుకో అని రాసినావు. అట్లాంటి తేదీ ఏ క్యాలెండర్లో ఉంటుందక్కా? ఎందుకు పెట్టినావో పక్కన ఒక్క మాట కూడా లేదు. పరీక్ష కోసం పెట్టి తీయడం మరిచిపోయినావనుకొని అదీ తీసేసినాను. కారణమేదైనా ఉంటే రాయి. జూలై పదహారున పులివెందులలో శిబిరం ఉంది, దానికి కొత్త ప్రోగ్రామే పోతుంది.

నీ చేతి సేమ్యా తిని ఎన్నాళ్లయిందో.

నీ చెల్లెలు,
కౌముది

*

జమ్మలమడుగు,
8 జూలై 2023

కౌమూ,

నీ ఉత్తరం నిన్ననే చేతికొచ్చింది. మా ఊరి పోస్టు గండికోట చుట్టూ తిరిగి గానీ మా వీధికి రాదు. అందుకే ఆలస్యం.

నేను బాగుండా. బస్టాండు కాడ చిన్న కంప్యూటర్ సెంటరు పెట్టినా. డిగ్రీ ఆడపిల్లోళ్లు వస్తారు. జావా చెప్తానంటే మొగాలు ముడుచుకుంటారు, టైపింగు అంటే పరిగెత్తుకొస్తారు. ఆ పాత ఫోన్ తీసేసినా. మనసు రోంత నిమ్మళంగా ఉండాది.

లైన్లు తగ్గించినావని రాసినావు, మంచి పని. ఆ ఇఫ్‌ల గుంపు చూస్తే నాకే సిగ్గు. తీసేయాల్సిందే. కానీ సున్నాల సంగతి విను.

ఐదేండ్ల కింద వేములలో శిబిరం జరిగింది. ప్రోగ్రాం కొత్తది కదా, ఎట్ల నడుస్తాదో చూద్దామని నేనే పోయినా. తుమ్మలపల్లె నుంచి ఒకాయప్ప వచ్చినాడు. గుర్తింపు కార్డు మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉండాది. రోజూ లేదు, నెలా లేదు. అట్లాంటి కార్డులు మన పక్క శానా ఉండాయి. ఎప్పుడు పుట్టినావు తాతా అంటే, "మా నాయన బాయి తవ్విన యేడు" అన్న్యాడు. ట్యాబులో తేదీ చెల్లదని ఎర్రగా వచ్చింది. టేబుల్ కాడుండే పిల్ల "తేదీ లేదు తాతా, రాదు" అనింది. ఆయన "సరే తల్లీ" అని లేసి పోయినాడు. ఎందుకు రాదని అడగలే, కొట్లాడలే. అరవై యేండ్లు ఎవరేం చెప్పినా సరే అని లేసిపోయిన మనిషి మాదిరి పోయినాడు.

నేను వెనకే పరిగెత్తి పిల్చుకొచ్చినా. ఆ పూటే ట్రస్టు వ్యాన్లో కూర్చొని ఆ సున్నాలు రాసినా. కార్డులో లేని తేదీని మనం కల్పించి రాయగూడదు అన్నారు డాక్టర్లు. తెలీనిది తెలీదు అని రాసుకోవాల. దానికే ఆ సున్నాలు.

తిరిగి పెట్టు కౌమూ. పదహారో తేదీలోగానే పెట్టు. అర్జెంటైతే సెంటరు నంబరు కింద రాస్తాండా, ఫోన్ చెయ్యి. లేదంటే రెండు ముక్కలు రాసి పడెయ్యి, నాకు నిమ్మళం.

అమ్మకు సలాం చెప్పు.

షబీనా

*

ప్రొద్దుటూరు,
12 జూలై 2023

అక్కా,

నీ ఉత్తరం అందింది. సున్నాలు పెట్టేసినాను. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. శిబిరం పనుల్లో ఊపిరాడటం లేదు, తర్వాత వివరంగా రాస్తా.

కౌముది

*

జమ్మలమడుగు,
6 అక్టోబర్ 2023

కౌమూ,

వివరంగా రాస్తానన్నావు, మూడు నెలలు గడిచిపోయినాయి. నీ మీద అలగడానికి రాయలేదులే. మనసు బాగలేక రాస్తాండా.

పులివెందులలో మా ఖాలా ఉండాది, మా అమ్మకు అక్క. అఖ్తర్ బీ అని, నువ్వు నా పెళ్లిలో చూసింటావు. పెండ్లికూతురి రవికె తనే కుట్టిందని అందరికీ చూపిస్తాండె, ఆమె. మా అమ్మ పోయినాక నన్ను పెంచింది ఆమే.

నాలుగు రోజుల కింద ఆమెకు ఎడమ కన్ను ఎర్రబడి, తలనొప్పితో వాంతులయినాయి. కడపకు తీసకపోయినా. డాక్టరు చూసి, పొర ముదిరిపోయి లోపల ఒత్తిడి పెరిగింది, నరం చచ్చిపోయింది, ఈ కన్ను ఇంక రాదు అన్న్యాడు. "మూడు నెలల ముందు తెచ్చింటే పొర తీసేసేవాళ్లం, చిన్న పని" అన్న్యాడు. కుడికన్నులో కూడా పొర ఉండాదంట. దానికి ఆపరేషను చేయొచ్చంట, ఈ వాపు తగ్గినాక.

బస్సులో వచ్చేటప్పుడు ఆమెను నేను తిట్టినా కౌమూ. మూడు నెలలు ఏం చేస్తాండావు, ఊర్లోనే కంటి శిబిరం జరిగితే పోకుండా యాడున్నావు అని, బస్సులో అందరి ముందర. ఆమె, "పోయినా బేటీ, నీకు చెప్పలే. నా కార్డు మంచిది కాదంట. వాపస్ పంపినారు" అనింది.

ఆమె కార్డులో ఉండేది యాభై ఏడు అని సంవత్సరం ఒక్కటే. కానీ నువ్వు సున్నాలు పెట్టేసినానని రాసినావు కదా, అట్లయితే ఎట్ల వెనక్కి పంపినారో నాకు అంతుపట్టకుండా ఉండాది. ఆ టేబుల్ కాడ పిల్ల తప్పు కొట్టిందేమో. లేదంటే ఖాలానే వేరే ఎవరి కార్డో తీసకపోయిందేమో, ఆమెకు సదువు రాదు. ఇంటికొచ్చినాక అది కూడా అడిగినా. "నా కార్డు నాకు తెల్దా" అని ఏడ్చింది.

ఆ రోజు లెక్కల్లో అఖ్తర్ బీ పేరు ఉండాదేమో చూడు. ఏం జరిగిందో తెలిస్తే చాలు నాకు. ఆమెను ఊరికే తిట్టినానేమో అని అన్నం దిగడం లేదు.

షబీనా

*

ప్రొద్దుటూరు,
11 అక్టోబర్ 2023

అక్కా,

చదివి చాలా బాధపడినాను. ఖాలాను జాగ్రత్తగా చూసుకో. పాత వివరాలు వెతకాలంటే సారును అడగాలి, కొంచెం టైము పడుతుంది. చూసి రాస్తాను.

కౌముది

*

ప్రొద్దుటూరు,
30 అక్టోబర్ 2023

షబీనా అక్కా,

వెతకడానికి టైము పట్టలేదు. నీ ఉత్తరం వచ్చిన పది నిమిషాలకే చూసినాను. జూలై 16, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అఖ్తర్ బీ, పులివెందుల. పుట్టిన తేదీ 00-00-1957. దాని ఎదురుగా "తేదీ చెల్లదు". రెండు నిమిషాల తర్వాత మళ్లీ అదే, చెల్లదు. మూడోసారి కూడా కొట్టినారు. నాలుగోసారి లేదు.

టేబుల్ దగ్గర కూర్చున్న వర్షిత తప్పు కొట్టలేదక్కా. ఖాలా వేరే కార్డు తేలేదు. నేను సున్నాలు పెట్టలేదు. పెట్టినానని నీకు అబద్ధం రాసినాను.

ఇరవై రోజుల నుంచి ఈ ఒక్క మాట రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఎందుకు పెట్టలేదో రాస్తే సాకు అవుతుంది, రాయకపోతే ఇంకోటి దాచినట్లవుతుంది. అందుకే రాస్తున్నా.

జూన్‌లో నీకు మొదటి ఉత్తరం రాసినప్పుడే ఒక మాట దాచినాను. నీ క్లాసును ఆఫీసులో పెద్ద తెర మీద పెట్టి అందరికీ చూపించినా. ముందు ఇట్లుండేది, ఇప్పుడు ఇట్లయింది అని. పైన రాసినవారు షబీనా అని నీ పేరు ఉండింది. సున్నాల దగ్గరికి రాగానే, "ఈమె లోకంలో నెలలు సున్నా నుంచి మొదలవుతాయేమో" అని నేనే అన్నాను. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. సారు ఆ రోజే, వచ్చే నెల నుంచి ఈ ప్రోగ్రాంకు లీడు నువ్వే అని అందరి ముందర చెప్పినారు.

నీ జవాబు వచ్చింది పదకొండో తేదీ. అప్పటికే పన్నెండు ట్యాబుల్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించేసి, ఇంక ఎవరూ ముట్టుకోవద్దని సారు చెప్పినారు. ఆ సున్నాలు పెట్టడం పావుగంట పని. కానీ సారు దగ్గరికి పోయి, నవ్విన చోటే నా తప్పు ఉందని చెప్పాలి. పన్నెండు ట్యాబులు విప్పించాలి. తలుపు దాకా పోయినా అక్కా. లోపల సారు ట్రస్టువాళ్లతో ఫోన్లో నా పేరే చెప్తున్నారు, మా అమ్మాయి శానా బాగా చేసింది అని. తిరిగొచ్చి సీట్లో కూర్చున్నా. ఒక్క శిబిరానికి ఏమవుతుందిలే, అయినాక మెల్లగా పెడదాం అనుకున్నా. నీ నంబరు ఎదురుగానే ఉంది. ఫోన్ చేస్తే గొంతులోనే అబద్ధం పట్టేస్తావని ఉత్తరం రాసినాను.

శిబిరం అయిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వే రాసినావు కదా, వాళ్లు అడగరని. ఎవరూ అడగలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకున్నా. ఆగస్టు రెండో తేదీ ఎవరికీ చెప్పకుండా సున్నాలు పెట్టేసినాను. అబద్ధం నిజమైపోయింది, ఇంక దిగులు లేదని ఆ రోజు కడుపునిండా తిన్నాను కూడా.

ఖాలా ఒక్కతే కాదు అక్కా. ఆ రోజు 'చెల్లదు' అని వెనక్కి పోయినవాళ్లు ముప్పై ఏడు మంది.

నన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు.

కౌముది

*

జమ్మలమడుగు,
6 నవంబర్ 2023

నీ ఉత్తరం ఖాలాకు చదివి వినిపించినా. దాచే పని నేను చేయను.

తెర మీద నా పేరు పెట్టి నవ్వుకున్నారు, నవ్వుకోండి. ఆమె మూడుసార్లు ఆ టేబుల్ కాడ నిలబడింది. మూడుసార్లు.

ఇంక నాకు రాయొద్దు.

షబీనా

*

ప్రొద్దుటూరు,
29 డిసెంబర్ 2023

షబీనా అక్కా,

రాయొద్దన్నావు. చదవకుండా చించేసినా సరే, జరిగింది నీకు తెలియాలి కాబట్టి ఇది రాస్తున్నా.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు గణపతి సారుకు అంతా చెప్పినాను. ఆయన, "ట్రస్టుకు రాద్దాం. సాంకేతిక లోపం అని రాద్దాం. నీ పేరెందుకు?" అన్నారు. "లోపం కాదు సార్. జవాబొచ్చినా పెట్టలేదు" అన్నాను. "నీ భవిష్యత్తు చూసుకో తల్లీ" అన్నారు. ఆయన నా మంచికే చెప్పినారు. నేను నా పేరుతోనే రాసి ఇచ్చినాను. ఆ ప్రోగ్రాం ఇప్పుడు నా దగ్గర లేదు. వాడేవాళ్లకు ఇబ్బందులొస్తే ఫోన్లో సమాధానం చెప్పే సీట్లో కూర్చోబెట్టినారు. అది న్యాయమే.

ట్రస్టువాళ్లు కోప్పడినారు, కానీ డిసెంబరులో పులివెందులలో ఆ ముప్పై ఏడు మందికే ఒక రోజు శిబిరం పెడతామన్నారు. వాళ్లను పిలుచుకొచ్చే పని నాకివ్వమన్నాను. నెలంతా సెలవు రోజుల్లో వర్షిత, నేను ముద్దనూరు మీదుగా బస్సులో పోయి ఊరూరూ తిరిగినాం. వర్షితకు ముందే చెప్పినా, తప్పు నీది కాదు నాది అని. ఆ పిల్ల, "అక్కా, ఆ రోజు ఒకటో తేదీ, ఒకటో నెల అని కొట్టేద్దామా అని చెయ్యి పోయింది. కార్డులో లేనిది కొట్టొద్దన్నారని ఆగిపోయినా. కొట్టింటే బాగుండేది" అని కళ్లు తుడుచుకుంది. రూలు పాటించిన పిల్ల కూడా నా వల్ల తప్పు చేసినట్లు కుమిలిపోయింది.

ముప్పై ముగ్గురు దొరికినారు. ఇద్దరు అనంతపురం పోయి ఆపరేషను చేయించుకున్నారు. ఒకామె చనిపోయింది, గుండెజబ్బుతో అని కొడుకు చెప్పినాడు. ఒకాయన ఎక్కడికి పోయినాడో ఊరివాళ్లకే తెలియదు. తొండూరు పక్క రమణమ్మ అని ఒకామె ఉంది. మేం శిబిరం అనగానే లోపలికి పోయి తలుపేసుకుంది. కిటికీలోంచి, "మా కార్డు మంచిది కాదంట లేమ్మా, యాడికీ పనికిరాదంట" అనింది. ఆ కార్డును అప్పటినుంచి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసిందంట. ఆస్పత్రికి గానీ, ఇంకెక్కడికి గానీ తీసుకుపోలేదు. కార్డు మంచిదేనమ్మా, మా మిషన్‌దే తప్పు అని వాకిట్లో కూర్చొని గంటసేపు చెప్తే గానీ తలుపు తీయలేదు.

శిబిరంలో ఇరవై ఎనిమిది మందికి ఆపరేషనుకు తేదీలు ఇచ్చినారు. మిగిలినవాళ్లకు మందులు, అద్దాలు. ఖాలాకు అయినట్లు ఇంకెవరికీ కాలేదు. అది చెప్తే నీకు ఊరటగా ఉంటుందో, మంట పుడుతుందో నాకు తెలియదు.

ఖాలా దగ్గరికి పోయినాను. నీకు చెప్పకుండా పోయినందుకు కోప్పడు. కుట్టు మిషన్ ముందర కూర్చొని ఉంది, కుట్టడం లేదు, ఊరికే కూర్చొని ఉంది. నేను పేరు చెప్పగానే, "ఓహో, నువ్వేనా" అనింది. కూర్చోమనలేదు. తనే మాట్లాడింది.

"ఎవరైనా పాత రవికె తెచ్చి, దీని కొలతకు కొత్తది కుట్టమంటారు. పాతదాంట్లో ఒక పక్క కుట్టు వదులుగా ఉంటాది. నేను అడుగుతా, ఈడ ఎందుకు వదిలినారమ్మా అని. చంక కింద గడ్డ ఉండాది అంటాది ఒకామె. అడక్కుండా సరిచేసినామనుకో, ఆమె చెయ్యి ఎత్తలేదు. నువ్వు అడగలేదా?"

"అడిగినాను ఖాలా. అక్క జవాబు కూడా రాసింది."

"రాసినాక?"

"పెట్టినానని అబద్ధం చెప్పినాను."

ఆమె నా వైపు తిరిగి ఆ ఒక్క కంటితో చూసింది. "అయితే తెలీక చేసింది కాదు" అనింది.

"కాదు."

"నాకు కోపంగా ఉండాది. మాఫీ అడగడానికి వచ్చింటే ఈ పొద్దు నా నోట్లోంచి రాదు. ఎప్పుడొస్తాదో అల్లాకు తెలుసు" అనింది. నేను అడగనే లేదు. లేచి వాకిలి దాటుతుంటే, "ఆ మిగతావాళ్లను యెతుకుతాండావంట. లింగాలలో జానీబీ దొరికిందా? ఆ పొద్దు నా వెనకాల నిలబడింది ఆమే. నన్ను వాపస్ పంపడం చూసి, టేబుల్ కాడికే పోకుండా నాతోపాటే వచ్చేసింది" అనింది.

ఆ పేరు నా లెక్కలో లేదు అక్కా. ట్యాబు దాకా రానివాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. మర్నాడే పోయినాను. జానీబీ దొరికింది. ఆమెకు జనవరి పందొమ్మిదికి తేదీ ఇచ్చినారు. ఇట్లాంటివాళ్లు ఇంకెంతమందో అని ఇప్పుడు ఊరూరా మసీదులో, గుడిలో మైకులో చెప్పిస్తున్నాం.

ఇంకొక్కటి. ప్రోగ్రాం నా చేతిలోంచి పోకముందు తేదీల పని మళ్లీ మొదటి నుంచి చేసినా. సారు చూసి పెట్టుకున్నారు. ఈసారి రెండు క్లాసులు. పూర్తి తేదీ తెలిసినవాళ్లకు ఒకటి, సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్లకు ఒకటి. రెండోది సున్నాలు అడగదు, రోజు తెలియదు అని ఒప్పుకుంటుంది. రెండూ కలిపి నలభై లైన్లు. దాని పైన వేముల శిబిరంలో ఏం జరిగిందో, జూలై పదహారున పులివెందులలో ఏం జరిగిందో ఆరు వాక్యాలు రాసినా. మొదట నీ పేరు, తర్వాత నా పేరు. కాగితం మీద అచ్చు తీసి జత చేస్తున్నాను. నీకు చూడాలనిపిస్తే చూడు.

కౌముది

*

జమ్మలమడుగు,
21 ఫిబ్రవరి 2024

కౌముదికి,

రాయొద్దన్నది నేనే, ఇప్పుడు రాస్తాండేదీ నేనే.

ఖాలా కుడికన్నుకు పోయిన వారం ఆపరేషను అయింది. బాగా అయింది. కట్టు విప్పిన పొద్దు నన్ను చూసి, "ఏందే, ఇంత నల్లగయినావు" అనింది. నర్సులంతా నవ్వినారు. ఎడమది మాత్రం అట్లే. గ్లాసు అందుకోబోయి పక్కన చెయ్యి పెడతాది. మిషన్ ఎక్కింది, కానీ చేతి కుట్టు సరిగా రావడం లేదు. హుక్కులు కుట్టే పని పక్కింటామెకు ఇచ్చేస్తాంది. ఇచ్చేటప్పుడు ఆమె మొగం నేను చూడలేను.

నువ్వు పంపిన కాగితాలు రెండు నెలలు మడత విప్పలేదు. నిన్న విప్పి చదివినా. రెండు క్లాసులు బాగుండాయి. సంవత్సరం ఒక్కటే తెలిసినప్పుడు వయసు లెక్క ఒక యేడాది అటో ఇటో పోతాది, దానికి కూడా ఒక మాట రాయి. మిగతాదంతా నేను రాసినదానికంటే మేలుగా ఉండాది. పైన నువ్వు రాసిన ఆరు వాక్యాలు చదివినాక నేను ఊరికే ఉండలేకపోయినా. నా పేరు ముందర పెట్టినావు. మంచిదాని మాదిరి పెట్టినావు. అందుకే ఈ ఉత్తరం.

నీ మొదటి ఉత్తరం నాకు జూన్ పదహారునే అందింది. పోస్టు ఆలస్యమని రాసినా కదా, పోస్టు తప్పేం లేదు. నువ్వు నా కోడును తెర మీద పెట్టి నవ్విన సంగతి ఆ వారంలోనే నాకు తెలిసిపోయింది. ఎవరు చెప్పినారో వదిలెయ్. దాని వెనకాలే నీ ఉత్తరం వచ్చింది, నవ్వుతా, సేమ్యా అంటా. సున్నాలు తీసేసినానని రాసినావు. అది చదివిన నిమిషంలోనే నాకు తెలుసు, జూలైలో ఏం జరుగుతాదో. తెలిసి కూడా ఇరవై రెండు రోజులు జవాబు రాయలే. పడనీ, రోంత ఇబ్బంది పడనీ, అప్పుడు తెలుస్తాది నా విలువ అనుకున్నా. తీరా రాసేసరికి నీ ట్యాబులన్నీ తయారైపోయినాయి. అప్పుడే రాసింటే, నువ్వు సారు తలుపు దాకా పోవాల్సిన పనే ఉండేది కాదు.

దానికి ముందుది ఇంకోటి ఉండాది. నేను ఆఫీసు వదిలిన రోజు, ఐదేండ్ల పని అప్పజెప్పడానికి గణపతి సారు నాకు అర్ధ పూట ఇచ్చినాడు. శానా కోపమొచ్చింది. సున్నాల పక్కన ఎందుకు పెట్టినానో రాద్దామని కీబోర్డు మీద చెయ్యి పెట్టి, రాయకుండా తీసేసినా. కావాలనే తీసేసినా. నేను లేకుంటే వీళ్లకు తెలుస్తాదిలే అనుకున్నా.

తెలిసింది, మా ఖాలాకు.

నీది తప్పు కాదని నేను చెప్పను. నువ్వు అబద్ధం ఆడినావు, అది నీదే. నీ మీద కోపం పూర్తిగా పోలే, పోయిందని రాస్తే అదొక అబద్ధమవుతాది. కానీ నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించినా, దాచే పని నేను చేయను అని గొప్పగా రాసినా చూడు, ఆ పొద్దు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. నీది చదివినా. నాది చెప్పలే. నాలుగు నెలలుగా పులివెందులకు పోయొస్తా ఆమెకు అన్నం పెడతాండా, చుక్కల మందు వేస్తాండా, చెప్పలే. ఆమె నిన్ను తిట్టినప్పుడల్లా పక్కన కూర్చొని ఊకొడతాండా.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి, పది గంటల పులివెందుల బస్సు ఎక్కుతాండా. ఈ రోజు చెప్తా. ఏమంటుందో తెల్దు. పెంచిన బిడ్డ కదా అని ఊరుకుంటే అది ఇంకా కష్టం.

చెప్పేటప్పుడు యాడ కూర్చోవాలో కూడా ఆలోచించుకున్నా. ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే కూర్చుంటా, చిన్నప్పటి అలవాటు. ఆ పక్క కూర్చుంటే ఇప్పుడు నా మొగం ఆమెకు కనపడదు.

కుడి పక్కనే కూర్చుంటా.

షబీనా